రెండు గంటలు

పదకొండేండ్లుగా నాకు తెలిసింది ఆయన మెడ వెనకభాగం.
ఖాకీ కాలరు మీద తెల్లటి ఉప్పుగీత,
కుడిచెవి కింద పుట్టుమచ్చ.
దస్తగిరన్న మొగం ఎట్లుంటాదని అడిగితే
అద్దంలో కనపడే రెండు కండ్లు చెప్తా,
అంతే.

జమ్మలమడుగు డిపో బోర్డు మీద కాగితం అంటించినారు.
సైకిలు, పడవ, పరుగు.
ఇద్దరిద్దరు కలిసి పోవాల.
అడుగున చిన్న అక్షరాల్లో
వెనకొచ్చినోళ్ళ టైమే జంట టైము అని.
"మనకిది కొత్తా చౌడేశ్వరీ?
బండి ముందు తలుపూ వెనక తలుపూ
ఎప్పుడన్నా వేరేవేరేగా ఊరు చేరినాయా?"

డిపో నవ్వింది.
మా ఆయన నవ్వలేదు, రెండు సైకిళ్ళకూ గాలి కొట్టినాడు.
ఖైరున్ వదిన నా మోచేతికి తాయెత్తు కట్టింది,
మొగునికి కట్టినదాని కంటే గట్టిగా.

సైకిళ్ళ మీద అది మా రూటే.
గుంతలు ఆయనకు తెలుసు, స్టేజీలు నాకు తెలుసు.
గూడెంచెరువు దగ్గర ఒక అవ్వ
సద్దిమూట చంకన పెట్టుకోని
అలవాటుగా చెయ్యెత్తింది.
ఇద్దరం బ్రేకులు పట్టినాం.
"ఈ పొద్దు బండి లేదవ్వా" అంటే
"మరి మీరు యాడికి పోతాండారు?" అనింది.
దానికి జవాబు ఇప్పటికీ దొరకలా.

పడవలో నన్ను ముందర కూచోబెట్టినారు.
తిప్పేవాడు వెనక ఉండాలంట.
ఈత రాదు నాకు,
నారింజరంగు బెండుచొక్కాను నమ్ముకున్నా.
అద్దం లేదు, వైపరు లేదు,
చిల్లర కోసం చాచిన చెయ్యి లేదు,
నీళ్ళు.
ఇన్నేండ్లూ ఆయన చూసింది ఇదా,
ఎవరూ అడ్డం లేని ఈ భయం?
మొదట్లో రెండు తెడ్లూ కొట్టుకున్నాయి,
అత్తాకోడళ్ళ గంటెల మాదిరి.
గట్టున ఎర్రరాళ్ళు టికెట్టు కట్టలు పేర్చినట్టుండాయి,
ఎవురూ చింపనివి.

నీళ్ళ నడుమ ఒకచోట
చింతమోడు కొస, దాని మీద కాకి.
ఆ చెట్టు కిందనే గదా ఆపేది.
ఎనిమిది రూపాయల స్టేజీ.
ఆఖరి ట్రిప్పులో దిగినోళ్ళు లేరు, అందరూ ఎక్కినోళ్ళే.
ఒక రోలు, రెండు మంచాలు, ఒక తలుపు.
దేనికీ లగేజీ కొట్టలేదు నేను.
నోరు దానంతటదే అనింది
"దిగేవాళ్ళు రావాల."
వెనక తెడ్డు ఆగింది.
పడవ కొంచేపు ఊరికే తేలింది.
పక్కనుంచి బెంగళూరు జంట ఒకటి
మా మీద నీళ్ళు చిమ్ముతా దూసుకపోయింది.

కోట ఎక్కే దావన ఆయన ఎడమ మోకాలు మొరాయించింది.
క్లచ్చు తొక్కి తొక్కి అరిగిన కాలు.
రాయి మీద కూలబడి "నువ్వు పోమ్మా" అన్నాడు.
నాకు కోపమొచ్చింది. నిజం చెప్పాల గదా,
పోవాలనే ఉండింది.
ఒక్కసారి, ఒకే ఒక్కసారి
వెనక తలుపు దగ్గర కాకుండా.
"నేను పోయి ఏం లాభమన్నా,
నీ టైము వస్తే గదా నాది వచ్చేది."

ఎండలో నిలబడినాం.
ఉన్న నీళ్ళన్నీ ఆయనే తాగినాడు.
జేబులో నుంచి విజిలు తీసినా.
ఒకటి ఊదితే ఆగమని.
రెండు ఊదినా.
తల ఎత్తకుండానే ఎడమ పాదం కిందికి అదిమినాడు,
చెయ్యి గాలిలో గేరు ఎతికింది.
లేచినాడు.

ఇరవై ఆరు జంటల్లో ఇరవై రెండు.

తెల్లారి ఐదు నలభైకి ముద్దనూరు బండి.
ఆయన బిళ్ళ అద్దానికి ఏలాడతాంది,
నాది బ్యాగులో చిల్లరతో కలిసి గలగలమంటాంది.
ఆయన మెడ వెనక్కి తిరిగింది.
"అందరూ ఎక్కినారా?"
లెక్కబెట్టినా.
మళ్ళొకసారి లెక్కబెట్టినా.
తాడు రెండుసార్లు లాగినా.